పద్ధతి మార్చే రైతుకు సర్కారు సొమ్ము: ఎలా అందుతుంది, ఎక్కడ ఆగుతుంది

2024–25 బడ్జెట్‌లో కేంద్రం ఎరువుల సబ్సిడీకి కేటాయించింది దాదాపు 1.64 లక్షల కోట్ల రూపాయలు. ఆ ఏడాది నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు, రాష్ట్రాలు పెట్టాల్సిన 897 కోట్లు కలిపినా, మొత్తం 2,481 కోట్లు. భూతాపాన్ని తగ్గించే సాగుకు ప్రభుత్వం ఏం ఇస్తోంది అన్న ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు ఈ రెండు అంకెలనూ పక్కపక్కనే పెట్టుకోవాలి. రైతు రోజూ చూసే ధరలను శాసించేది మొదటి అంకె. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరుకుతోంది. దాని అసలు ఖర్చు ఇంతకు ఎన్నో రెట్లు.

ఆ బస్తా సంగతి కాస్త లెక్క కడదాం. అందులో నత్రజని 20.7 కిలోలు. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం ఐపీసీసీ వాడే సాధారణ గుణకం ప్రకారం నేలలో వేసిన నత్రజనిలో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. అంటే బస్తాకు సుమారు 325 గ్రాముల వాయువు. వందేళ్ల లెక్కన ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, ఒక్క బస్తా చల్లితే దాదాపు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పని అవుతుంది. యూరియా నేలలో విడిపోయేటప్పుడు నేరుగా వెలువడే కార్బన్ డయాక్సైడ్ బస్తాకు మరో 33 కిలోలు. ఫ్యాక్టరీలో మండే గ్యాసు ఈ లెక్కలో లేదు. ఎకరాకు ఒక్క బస్తా తగ్గినా చిన్న విషయం కాదు. కానీ తగ్గించిన రైతుకు మిగిలేది ఆ 266 రూపాయలే. ప్రభుత్వానికి మాత్రం అంతకు ఎన్నో రెట్లు మిగులుతుంది. 2023లో వచ్చిన పీఎం ప్రణామ్ పథకం ఈ మిగులులో సగాన్ని వెనక్కి ఇస్తానంటోంది. ఇచ్చేది మాత్రం రసాయన ఎరువుల వాడకం గత మూడేళ్ల సగటు కంటే తగ్గించిన రాష్ట్రానికి. బస్తా తగ్గించిన రైతు చేతికి ఆ డబ్బు చేరే నేరు దారి అందులో లేదు.

పద్ధతి మార్చుకునే రైతుకు వచ్చే సాయం మూడు రకాలు. పరికరం కొనడానికి ఇచ్చే రాయితీ ఒకటి: డ్రిప్పు, తుంపర సేద్యం, సోలార్ పంపుసెట్టు. సాగు తీరు మార్చినందుకు ఎకరానికింత అని ఖాతాలో వేసే ప్రోత్సాహకం రెండోది. నేర్పే మనిషికి, విత్తనానికి, ధ్రువీకరణకు పెట్టే ఖర్చు మూడోది. రైతు చేతికి నగదుగా రాదు కనుక ఈ మూడోదాన్ని సాయంగా ఎవరూ లెక్కెయ్యరు. పనిచేసే సొమ్ము ఎక్కువగా అదే అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచిన మాట. ముందు బాగా తెలిసిన డ్రిప్పుతో మొదలుపెడదాం.

డ్రిప్పు రాయితీ: ఎవరి డబ్బు ఎంత

'ప్రతి చుక్కకూ మరింత పంట' పథకం 2015–16లో ప్రధానమంత్రి కృషి సించాయీ యోజనలో భాగంగా మొదలై, 2022–23 నుంచి రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద నడుస్తోంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం సన్న, చిన్నకారు రైతులకు యూనిట్ ఖర్చులో 55 శాతం, మిగతావారికి 45 శాతం రాయితీ. ఒక్కో రైతుకు 5 హెక్టార్లు పరిమితి. ఆ రాయితీని కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. దీనిపైన మన రాష్ట్రాలు తమ ఖజానా నుంచి ఇంకొంత కలుపుతాయి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకూ సన్న, చిన్నకారు రైతులకూ 90, మిగతావారికి 80 శాతం అందించేది అందుకే. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎస్సీ, ఎస్టీ సన్న, చిన్నకారు రైతులకు 100, ఇతర సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం. అంతకు మించి భూమి ఉన్నవారికి ప్రాంతాన్ని బట్టి, విస్తీర్ణాన్ని బట్టి తగ్గుతుంది.

55 శాతంలో 60 శాతమంటే కేంద్రం పెట్టేది మొత్తం ఖర్చులో 33 శాతం. రైతుకు 90 శాతం రాయితీ అందాలంటే మిగిలిన 57 శాతం రాష్ట్రమే తేవాలి. 100 శాతం రాయితీలో రాష్ట్రం భారం 67 శాతం. రాష్ట్ర ఖజానాకు ఊపిరాడనప్పుడు మొట్టమొదట ఆగేది ఇలాంటి పద్దులే. పైగా రాయితీ సొమ్ము రైతు ఖాతాలోకి రాదు. సామగ్రి బిగించిన కంపెనీకి వెళుతుంది. బకాయిలు పేరుకుంటే కంపెనీలు కొత్త దరఖాస్తులు ముట్టుకోవు. 2003లో దేశానికే ముందుగా ప్రత్యేక సూక్ష్మ సేద్య ప్రాజెక్టు పెట్టుకున్న ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2020 తర్వాత రెండేళ్లపాటు ఈ పని దాదాపు నిలిచిపోయింది. అందుకే 'మంజూరైంది' అని ఫోనుకు వచ్చిన సందేశం చూసి పాత పైపులు పీకెయ్యకూడదు. సామగ్రి పొలానికి చేరాకే పీకాలి.

దరఖాస్తు ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రం దగ్గర, తెలంగాణలో ఉద్యాన శాఖ ద్వారా. పట్టాదారు పాసు పుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా, వర్తిస్తే కుల ధ్రువీకరణ పత్రం, పొలంలో నీటి వసతి ఉండాలి. ఆ తర్వాత వరస ఇది: కంపెనీ ప్రతినిధితో కలిసి పొలం సర్వే, డిజైన్, అంచనా, రైతు వాటా చెల్లింపు, పరిపాలనా మంజూరు, సామగ్రి రాక, బిగింపు, ట్రయల్ రన్, ఫొటోలతో తనిఖీ. ఈ వరస తప్పితే డబ్బు పోయినట్టే. మంజూరుకు ముందే సొంతంగా కొనుక్కుని తర్వాత బిల్లు పెడతామంటే కుదరదు. ఒకసారి రాయితీ తీసుకున్న సర్వే నంబరుకు ఏడేళ్ల దాకా మళ్లీ రాదు. అందుకే డిజైన్ దశలో జరిగిన తప్పును ఏడేళ్లు మోయాలి.

ఆ తప్పు ఎక్కువగా నీటి లెక్క దగ్గరే జరుగుతుంది. ఎకరం మిరపకు నాలుగడుగుల దూరంలో లేటరల్ పైపులు (మొక్కల వరసల వెంట పరిచే సన్న పైపులు) వేస్తే సుమారు 3,370 మీటర్ల పైపు పడుతుంది. 40 సెంటీమీటర్లకొక డ్రిప్పర్ ఉంటే 8,400 డ్రిప్పర్లు. ఒక్కొక్కటి గంటకు రెండు లీటర్లు వదిలితే ఎకరానికి గంటకు దాదాపు 17,000 లీటర్లు కావాలి. ఇప్పుడు బోరు దగ్గర 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. 90 సెకన్లు పడితే ఆ బోరు ఇచ్చేది గంటకు 8,000 లీటర్లు. ఎకరాన్ని కనీసం మూడు భాగాలు చేసి, మూడు వాల్వులు పెట్టి, వంతులవారీగా తడపాలి. డిజైన్‌లో ఒక్కటే వాల్వు గీసి ఇస్తే పైపుల్లో ఒత్తిడి నిలవదు. మొదట్లో ఉన్న మొక్కలు తాగుతాయి, చివరి మొక్కలు ఎండుతాయి. డ్రమ్ము కొలత ఎండాకాలంలో చేయాలి. వానాకాలంలో బోరు ఇచ్చే నీళ్లను నమ్మి డిజైన్ చేస్తే మార్చిలో దెబ్బతింటారు.

లేటరల్ పొడవూ అంతే. 16 మిల్లీమీటర్ల పైపును గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్లతో అరవై డెబ్బై మీటర్లకు మించి లాగితే చివర నీళ్లు తగ్గిపోతాయి. వాల్వులు, సబ్‌మెయిన్ (లేటరళ్లకు నీళ్లందించే పైపు) మిగుల్చుకోవడానికి పైపును పొడవుగా లాగడం తరచూ కనిపిస్తుంది. సామగ్రి దిగగానే డ్రిప్పర్లున్న పైపు మీద ఐఎస్ 13488 ముద్ర, డ్రిప్పర్ సామర్థ్యం, డ్రిప్పర్ల మధ్య దూరం అచ్చై ఉన్నాయా చూసి అంచనాతో పోల్చుకోవాలి.

ట్రయల్ రన్ పత్రం మీద రైతు సంతకం పడ్డాకే కంపెనీకి రాయితీ విడుదలవుతుంది. రైతు చేతిలో ఉన్న బలం అంతా ఆ సంతకమే. అది పెట్టే ముందు పావుగంట పరీక్ష చేయాలి. వాల్వు పక్కన ఉన్న డ్రిప్పర్ కింద ఒకటి, మధ్యలో ఒకటి, చిట్టచివరి లేటరల్ కొసన ఒకటి లీటరుకు పైగా పట్టే డబ్బాలు పెట్టండి. రెండు లీటర్ల డ్రిప్పర్ పావుగంటలో అర లీటరు ఇవ్వాలి, నాలుగు లీటర్లది లీటరు. మొదటి డబ్బాకూ చివరి డబ్బాకూ తేడా పదో వంతు దాటితే సంతకం చేయకండి. సరిచేసి మళ్లీ చూపించమనండి. తర్వాత ఎన్ని ఫిర్యాదులు పెట్టినా ఈ పావుగంట ఇచ్చే ఫలితం రాదు.

బిగించాక డ్రిప్పు చెడేది ఎక్కువగా పూడికతో. ఇసుక వచ్చే బోరుకు హైడ్రోసైక్లోన్ (నీటిని సుడి తిప్పి ఇసుకను వేరుచేసే పరికరం), చెరువు నీళ్లకు ఇసుక ఫిల్టరు లేకుండా ఉత్త జల్లెడ ఫిల్టరు పెడితే మొదటి పంటకే మూసుకుపోతుంది. వారానికోసారి లేటరల్ కొసలు విప్పి నీళ్లు వదలాలి. డీఏపీని నానబెట్టి వెంచురీలో (ఎరువు ద్రావణాన్ని డ్రిప్పు నీటిలోకి లాగే పరికరంలో) పోయకూడదు, దాని మడ్డి డ్రిప్పర్‌లోకి చేరుతుంది. యూరియా, తెల్ల పొటాష్ శుభ్రంగా కరుగుతాయి. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం, సల్ఫేటు ఎరువులతో కలిపితే తెల్లటి గడ్డ కడుతుంది. ఉప్పు పేరుకునే నీళ్లున్న చోట హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో శుద్ధి తప్పదు. చివరి డ్రిప్పర్ దగ్గర పీహెచ్ 4కు దిగేదాకా ఎక్కించి, పంపు ఆపి, మర్నాడు బాగా కడిగేయాలి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయకూడదు.

డ్రిప్పుతో ఎకరానికి వాడే నీరు తగ్గుతుంది, ఎరువు నేరుగా వేరుకు చేరుతుంది కాబట్టి యూరియా తగ్గించే వీలుంటుంది. కానీ భూగర్భ జలం దానంతటదే పెరగదు. రెండెకరాలకు చాలే బోరు మూడెకరాలకు చాలిందనుకోండి, రైతు మూడో ఎకరం కూడా తడుపుతాడు. అనంతపురంలాంటి, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో అలా చేయడాన్ని తప్పుపట్టలేం. రైతుకు ఆదాయం పెరుగుతుంది, బోరు మాత్రం అంతే లోతుకు దిగుతుంది. డ్రిప్పు రాయితీని 'నీటి పొదుపు' పద్దులో రాసుకునే ప్రభుత్వాలు పంపు ఎన్ని గంటలు నడుస్తోందో కొలవడం లేదు.

ఎకరానికింత అని ఇచ్చే డబ్బు

పరంపరాగత్ కృషి వికాస్ యోజన 2015 నుంచి ఉంది. సేంద్రియ సాగుకు మారే క్లస్టర్‌కు (ఒకచోట పొలాలున్న రైతుల సమూహానికి) మూడేళ్లకు హెక్టారుకు 31,500 రూపాయలు. ఇందులో 15,000 సేంద్రియ ఎరువులు, కషాయాల ఖర్చుకని రైతు ఖాతాలో పడేది. 9,000 శిక్షణకు, 4,500 మార్కెటింగ్, ప్యాకింగ్‌కు, 3,000 ధ్రువీకరణకు, అవశేషాల పరీక్షకు. 15,000ను మూడేళ్లకు, ఎకరాలకు విడగొడితే ఎకరాకు ఏడాదికి దాదాపు 2,000 రూపాయలు. జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌లో ఇది ఎకరాకు ఏడాదికి 4,000, రెండేళ్లపాటు, ఒక్కో రైతుకు ఒక్క ఎకరానికే. 15,000 క్లస్టర్లు, 7.5 లక్షల హెక్టార్లు దీని లక్ష్యం. క్లస్టర్‌కు 50 హెక్టార్లన్నమాట.

రెండింటిలోనూ డబ్బు పని జరిగాక వస్తుంది. ఖర్చు ముందుంటుంది. ఎకరాకు ద్రవజీవామృతం ఒక్కసారి తయారుచేయాలంటే 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది పిడికెడు మట్టి కావాలి. రెండు రోజులు పులియాలి, ఉదయం సాయంత్రం కలపాలి. సరుకుకు పెద్దగా ఖర్చు కాదు. పంట కాలంలో మళ్లీ మళ్లీ చేయడానికి మనిషి కావాలి, పశువు కావాలి. పశువులు అమ్మేసుకున్న ఇళ్లే ఎక్కువైన ఊళ్లలో మొదటి అడ్డంకి ఇదే. మిషన్‌లో 10,000 జీవ ఉత్పాదకాల కేంద్రాలు పెట్టాలనుకున్నది అందుకు. ఆ కేంద్రం ఊళ్లో ఉంటే ఎకరానికొచ్చే 4,000 పనికొస్తుంది. లేకపోతే రైతు పేరు జాబితాలో ఉంటుంది, పొలంలో పాత పద్ధతే నడుస్తుంది.

పంపిణీలో డబ్బు ఆగే చోట్లు తెలిసినవే. బ్యాంకు ఖాతా ఉన్నా దానికి ఆధార్ జోడింపు చురుగ్గా లేకపోతే నేరు బదిలీ వెనక్కి పోతుంది. పాసు పుస్తకంలో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే పోర్టల్ తిప్పికొడుతుంది. ఈ రెండూ క్లస్టర్‌లో పేరు రాయించుకునే రోజునే సరిచూసుకోవాలి.

పీజీఎస్ ధ్రువీకరణ (పంట సేంద్రియమైనదని రైతులే ఒకరికొకరు హామీ ఇచ్చే పద్ధతి) దగ్గర తంటా వేరు. కనీసం ఐదుగురు రైతులు ఒక స్థానిక బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించుకోవాలి. మార్పు దశలో ఉన్న పంటకు పీజీఎస్–గ్రీన్, ఆ గడువు పూర్తయ్యాక పీజీఎస్–ఆర్గానిక్ ముద్ర. బృందంలో ఎవరు ఏ రోజు ఏం వేశారో రాసే పుస్తకం ఖాళీగా ఉండి, తనిఖీ ముందు రోజు ఒకే చేతిరాతతో నిండితే ఆ ముద్రకు కొనేవాళ్ల దగ్గర విలువ ఉండదు. పక్క పొలంలో మందు కొట్టినప్పుడు గాలికి వచ్చి పడేదాన్ని ఆపడానికి గట్టు వెంట కంది, జొన్న దట్టంగా వేసుకోవడం చౌకైన ఉపాయం. పరంపరాగత్ పథకం మూడేళ్లకు ముగుస్తుంది. రైతుకు మంచి ధర రావాల్సింది ఆ తర్వాతే. సరిగ్గా అప్పుడే మార్కెటింగ్ పద్దు ఖాళీ అవుతుంది. ఈ పథకంలో పెద్ద లోపం ఇదేనని మా అభిప్రాయం.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం డబ్బును మరోలా ఖర్చుపెట్టింది. రైతు ఖాతాలో వేసే బదులు, ఇప్పటికే ఆ సాగు చేస్తున్న రైతునే శిక్షకుడిగా నియమించి, అతనికో ఆమెకో జీతం ఇచ్చి ఊళ్లలో ఉంచింది. డ్వాక్రా మహిళా సంఘాల సమావేశాల్లోనే సాగు ముచ్చట పెట్టింది. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి. విజయ్ కుమార్ నడిపించిన ఈ పనికి రాష్ట్ర, కేంద్ర నిధులతో పాటు జర్మనీ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం తోడైంది. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ పది లక్షల యూరోల మానవతా పురస్కారాన్ని ఈ కార్యక్రమానికి, నేల శాస్త్రవేత్త రతన్ లాల్‌కు, ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థకు కలిపి ఇచ్చింది.

పక్క ఊరి రైతు వచ్చి చెబితే నమ్మడానికి, దరఖాస్తు కాగితం చదివి నమ్మడానికి చాలా తేడా ఉంది. కషాయం ఎందుకు పనిచేయలేదో, నవధాన్యాలు ఎందుకు మొలవలేదో అడిగితే ఆ వారమే జవాబు చెప్పే మనిషి దగ్గర్లో ఉండాలి. వర్షాలకు ముందే ఏప్రిల్, మే నెలల్లో పొడి దుక్కిలో విత్తే విధానం దీనికి మంచి ఉదాహరణ. పలు రకాల తృణధాన్యాలు, పప్పులు, నూనెగింజలు, కూరగాయల విత్తనాలకు బంకమట్టి, ఘనజీవామృతం పట్టించి చల్లుతారు. నేల ఖాళీగా లేకుండా వేర్లుంటాయి, తర్వాతి పంటకు పచ్చిరొట్ట దొరుకుతుంది, లేదా పశుగ్రాసం అవుతుంది. ఇది ఎక్కడ చెడుతుందంటే, వేసవిలో ఊరి పశువులన్నీ విడిచి మేపుకునే చోట. మొలిచిన వారానికే మేసేస్తాయి. ఒక్క రైతుకు విత్తనాల కిట్టు ఇచ్చినందువల్ల ఇది తీరదు. ఊరు కూర్చుని మేపును కట్టడి చేసుకుంటేనే నిలుస్తుంది. అలా కూర్చోబెట్టే మనిషి జీతానికి పెట్టిన డబ్బు ఏ రైతు ఖాతాలోనూ కనిపించదు. కాబట్టే కోత పెట్టాల్సి వస్తే మొదట కత్తి పడేది దాని మీదే. రుణమో గ్రాంటో ముగిసిన రోజున ఈ శిక్షకులకు జీతం ఎవరిస్తారన్నది ప్రభుత్వం ముందుగానే తేల్చాలి.

వరి మడిలో మీథేన్, ఖాతాలో ఎంత?

మన రెండు రాష్ట్రాల్లో సాగు వల్ల వచ్చే మీథేన్‌లో నిలవనీటి వరిది పెద్ద వాటా. తగ్గించే పద్ధతి తేలికైనదే. 30 సెంటీమీటర్ల పైపు ముక్కకు కింది సగం చిల్లులు పొడిచి మడిలో దింపాలి. నాటిన రెండు మూడు వారాల నుంచి, పైపులో నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి పోయాక మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టాలి. పూత దశలో వారం ముందూ వారం వెనకా మాత్రం నీరు నిలిపి ఉంచాలి. తేలిక ఇసుక నేలల్లో, చౌడు నేలల్లో ఇది వద్దు. కలుపు కొంచెం పెరుగుతుంది. కాలువ నీటికి వంతు ఎప్పుడొస్తుందో తెలియని చివరి ఆయకట్టులో రైతు మడి ఆరబెట్టే సాహసం చేయడు, అందులో అతని తప్పేమీ లేదు.

ఐపీసీసీ సాధారణ గుణకాలతో చూస్తే దక్షిణాసియాలో నిలవనీటి వరి హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్ విడుస్తుంది. పలుమార్లు ఆరబెడితే అందులో 45 శాతం తగ్గుతుంది. 110 రోజుల పంటకు ఈ తగ్గుదల ఎకరాకు దాదాపు అర టన్ను కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇలా తగ్గించిన వాయువును కార్బన్ క్రెడిట్లుగా కంపెనీలకు అమ్మితే టన్నుకు 10 డాలర్లు పలికిందనుకున్నా ఎకరానికి నాలుగు వందల రూపాయల పైచిలుకు. అందులోంచే ప్రాజెక్టు నడిపే కంపెనీ వాటా, ధ్రువీకరణ ఖర్చు పోవాలి. కార్బన్ క్రెడిట్ల పేరుతో ఊళ్లలోకి వచ్చి ఎకరాకు వేలు వస్తాయనే వాళ్లను ఈ లెక్క అడగండి. ఒప్పందం ఎన్నేళ్లు, రైతు వాటా ఎంత శాతం, క్రెడిట్ అమ్ముడుపోకపోతే ఏమిటి, మధ్యలో తప్పుకుంటే జరిమానా ఉందా అన్నవి రాతలో తెలుగులో ఉండాలి. 2024లో వెరా అనే అంతర్జాతీయ ధ్రువీకరణ సంస్థ చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. రికార్డులు నిలబడకపోతే రైతు చేసిన పని కూడా లెక్కకు రాదు.

ప్రభుత్వాలు నేరుగా డబ్బిచ్చిన చోట్లు ఉన్నాయి. పంజాబ్ 2022లో నేరుగా వెదజల్లి వరి వేసిన రైతుకు ఎకరాకు 1,500 ఇచ్చింది. హర్యానా 2020లో వరి మాని వేరే పంట వేసినవారికి ఎకరాకు 7,000 ప్రకటించింది. రైతు పోర్టల్‌లో నమోదు చేసుకుంటే వ్యవసాయ సిబ్బంది పొలం చూసి ధ్రువీకరిస్తారు. మన దగ్గర పరిస్థితి వేరే వైపు లాగుతోంది. తెలంగాణలో సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ ఉంది. ఎకరాకు 20 క్వింటాళ్లు పండినా 10,000. కరెంటు ఉచితం. రైతు కష్టానికి ఆ బోనస్ న్యాయమే. కానీ దాని పక్కన నిలబడాలంటే పప్పుధాన్యాలకూ అంతే గట్టి కొనుగోలు హామీ కావాలి. మడి ఆరబెడితే ఆదా అయ్యే కరెంటులో రైతుకు ఒక్క రూపాయి వాటా లేదు.

సోలార్ పంపుల కథ కూడా ఇక్కడే ముడిపడుతుంది. పీఎం కుసుమ్ 2019లో వచ్చింది. విడి సోలార్ పంపుకు కేంద్రం 30, రాష్ట్రం 30, రైతు 40 శాతం. రైతు వాటాలో 30 శాతం దాకా బ్యాంకు అప్పు తీసుకోవచ్చు. 5 హెచ్‌పీ పంపుకు 4,800 వాట్ల ప్యానెళ్లు. ఉచిత కరెంటు కనెక్షన్ ఉన్న రైతు దీనికి ఎందుకు 40 శాతం పెడతాడు? అందుకే మన దగ్గర అర్థవంతమైనది మూడో భాగం: ఉన్న పంపులను, లేదా మొత్తం ఫీడరును సౌరశక్తికి మార్చడం. పంపు సామర్థ్యానికి రెట్టింపు ప్యానెళ్లు పెట్టుకుని మిగులు కరెంటు డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) అమ్మే వీలు ఇందులో ఉంది. గుజరాత్ ఖేడా జిల్లా ధుండిలో రైతులు సహకార సంఘంగా ఏర్పడి ఇలాగే అమ్మారు. పంపు ఆపితే డబ్బు వస్తుందంటే నీళ్లు తోడడంలో పొదుపు దానంతటదే వస్తుంది. ఒక హెచ్చరిక: ఈ పథకం పేరుతో రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే నకిలీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయని కేంద్ర శాఖే పలుమార్లు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్), తెలంగాణలో రెడ్కో వంటి ప్రభుత్వ సంస్థల ద్వారా తప్ప డబ్బు కట్టకండి.

పట్టా లేని చేతికి

ఇంతవరకు చెప్పినదంతా పాసు పుస్తకం ఉన్న రైతుకు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పొలంలో దిగేది ఎక్కువగా కౌలు రైతు. డ్రిప్పు రాయితీ కౌలు భూమికి రావాలంటే కనీసం ఏడేళ్ల రిజిస్టర్డ్ కౌలు ఒప్పందం చూపాలి. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం ప్రకారం ఇచ్చే పంట సాగు హక్కు పత్రం గడువు 11 నెలలు. ఈ రెండూ ఎప్పటికీ కలవవు. ఏడేళ్లకు రిజిస్టర్ చేయించే యజమాని ఉండడు. ఇప్పుడు కొత్తగా తెస్తున్న 11 అంకెల రైతు గుర్తింపు సంఖ్య కూడా భూమి రికార్డుకే ముడిపడి ఉంది.

కౌలు రైతుకు సరిపడే పద్ధతి ఏదో ఎంచుకోవడంలోనే కొంత దారి ఉంది. నేలను బాగుచేసే పనుల ఫలం మూడో ఏడు వస్తుంది. అప్పటికి కౌలు మారిపోవచ్చు. వరిలో ఆరుతడి, వెద వరి, యూరియాను తక్కువ మోతాదులో ఎక్కువసార్లు వేయడం, గట్ల మీద కంది వంటివి ఆ పంటలోనే ఫలమిస్తాయి. ప్రకృతి సాగు క్లస్టర్లలో చేరేటప్పుడు మహిళా సంఘం సభ్యురాలిగా భార్య పేరుతో శిక్షణ, విత్తనాలు, జీవ ఉత్పాదకాలు తీసుకోవడానికి పట్టా అడగరు. నగదు ప్రోత్సాహకానికి మాత్రం రికార్డు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ–పంట నమోదులో సాగు చేస్తున్నవారి పేరు రాసే వీలుంది. విత్తిన వెంటనే గ్రామ వ్యవసాయ సహాయకుడిని పొలానికి తీసుకెళ్లి తన పేరే ఎక్కించుకోవాలి. యజమాని పేరు ఒకసారి ఎక్కి, ఈ–కేవైసీ కూడా అయిపోయాక మార్పించుకోవడం కష్టం. ఎకరానికింత అని ఇచ్చే ప్రోత్సాహకాన్ని భూమి రికార్డును బట్టి కాకుండా ఈ–పంటలో ఉన్న సాగుదారు పేరును బట్టి చెల్లిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.